ఎంబెడెడ్ ఎథర్‌నెట్ స్విచ్: పోర్టుల కాన్ఫిగరేషన్‌ను ఎలా రాసిపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. లినక్స్ నడిచే బోర్డు, దాని మీద 7 పోర్టుల స్విచ్ చిప్. చిప్ సెట్టింగ్‌లు ఉండే రిజిస్టర్ల విలువలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. అయినా టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా "ఈ పోర్టు ఎందుకిలా ఉంది?" అంటూ మీ దగ్గరికే వస్తున్నారు. పైగా బోర్డుకు రెండో రివిజన్ వచ్చింది, దానికి వేరే డాక్యుమెంట్ రాయాలా అన్నది ఇంకో సందేహం.

ఆ షీట్ ఎందుకు అక్కరకు రావట్లేదో ముందు చూద్దాం. రిజిస్టర్‌లో ఏ విలువ ఉందో తెలియాలంటే షీట్ అక్కర్లేదు, చిప్‌నే చదివితే సరిపోతుంది. చిప్ ఎంత చదివినా చెప్పనివి వేరే ఉన్నాయి. ఈ పోర్టు బయట ఏ సాకెట్‌కు వెళ్తోంది? ఈ విలువను ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? డాక్యుమెంట్ రాసేది వీటి కోసమే. వీటికి జవాబు లేని షీట్‌లో వెయ్యి వరసలున్నా జనం మీ సీటు దగ్గరికి రాక మానరు.

పేర్ల గొడవ ముందు తేల్చండి

ఒకే పోర్టుకు ఎన్ని పేర్లుంటాయో చూడండి. డబ్బా మీద ముద్రించిన అంకె ఒకటి. స్కీమాటిక్‌లో (బోర్డు సర్క్యూట్ బొమ్మ) సాకెట్‌కు ఇచ్చిన గుర్తు, జే5 లాంటిది, ఇంకొకటి. ఆ సాకెట్ నుంచి చిప్‌కు వెళ్లే తీగలకు నెట్ పేరు. డేటాషీట్‌లో చిప్ పోర్టు నంబరు. డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏముందో కెర్నల్‌కు చెప్పే ఫైల్‌లో, రెగ్ విలువ. లినక్స్‌లో కనిపించే ఇంటర్‌ఫేస్ పేరు. ఫైకి, అంటే కేబుల్ మీద సిగ్నల్ నడిపే భాగానికి, ఎండీఐఓ (ఫై, స్విచ్ రిజిస్టర్లను చదివే, రాసే బస్) అడ్రస్. ఇవన్నీ ఒకే అంకె అయితే ఏ గొడవా లేదు. కానీ దాదాపు ఎప్పుడూ కావు.

మైక్రోచిప్ వాళ్ల కేఎస్‌జెడ్9477 తీసుకోండి. డేటాషీట్ పోర్టులను 1 నుంచి 7 దాకా లెక్కపెడుతుంది. లినక్స్ డివైస్ ట్రీలో రెగ్ 0 నుంచి మొదలవుతుంది. కాబట్టి డేటాషీట్‌లోని 6వ పోర్టు, అంటే సాధారణంగా ప్రాసెసర్‌కు కలిపే ఆర్‌జీఎంఐఐ (రెండు చిప్‌ల మధ్య గిగాబిట్ డేటా పంపే పద్ధతి) పోర్టు, డివైస్ ట్రీలో రెగ్ 5 అవుతుంది. ఇప్పుడు ఎవరో "పోర్టు 5 పని చేయట్లేదు" అని బగ్ రాశారనుకోండి. హార్డ్‌వేర్ వాళ్లకు అది బయటి కేబుల్ పెట్టే పోర్టు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు అది ప్రాసెసర్ వైపు పోర్టు. ఇద్దరూ చెరో వైపు వెతుక్కుంటారు.

మార్వెల్ 88ఈ6352 లో పోర్టు లెక్క 0 నుంచే కాబట్టి ఈ తేడా రాదు. అక్కడ తలనొప్పి వేరు. చిప్ లోపలి ఫైల అడ్రసులు 0 నుంచి 4 దాకా. అవే పోర్టుల స్విచ్ రిజిస్టర్లు మాత్రం ఎండీఐఓలో హెక్స్ 10 నుంచి మొదలవుతాయి, మొత్తం చిప్‌కు సంబంధించిన గ్లోబల్ రిజిస్టర్లు హెక్స్ 1బీ, 1సీ దగ్గర ఉంటాయి. పైగా ఇదంతా సింగిల్ చిప్ మోడ్‌లో ఉన్నప్పటి మాట. అడ్రస్ స్ట్రాప్‌లతో (రీసెట్ సమయంలో చిప్ చదువుకునే పిన్‌ల సెట్టింగ్) మల్టీ చిప్ మోడ్‌లో పెడితే బయటికి ఒకే అడ్రస్ కనిపిస్తుంది, లోపలి రిజిస్టర్లన్నీ దాని గుండా పరోక్షంగా చదవాలి. క్లాజ్ 22 (మామూలు రకం) ఎండీఐఓలో అడ్రసులు ఉన్నవే 32. సింగిల్ చిప్ మోడ్‌లో స్విచ్ వాటిలో చాలా భాగం ఆక్రమిస్తుంది. అదే బస్ మీద ఇంకో ఫై కూర్చుని ఉంటే ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్తారు, చదివిన విలువ ఎవరిదో తెలియదు. అందుకని పోర్టుల పట్టికతో పాటు ఎండీఐఓ బస్ మీద ఏ అడ్రస్ ఎవరిదో కూడా రాసిపెట్టండి. పది వరసలు దాటదు.

ఇంకొకటి. లేఅవుట్ చేసేవాళ్లు తీగలు ఒకదాన్నొకటి దాటకుండా ఉండటానికి పోర్టులను అటూ ఇటూ మారుస్తుంటారు. అది వాళ్ల హక్కు, మంచి పని కూడా. రెండు వరసల సాకెట్ బ్లాక్ అయితే పై వరసలో 1, 3, 5, కింది వరసలో 2, 4, 6 అని ముద్రించడం మామూలే. ఫలితంగా డబ్బా మీద 1 అన్నది చిప్‌లో 4వ పోర్టు కావచ్చు. తప్పేమీ లేదు, రాసి ఉంటే చాలు.

డాక్యుమెంట్‌లో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటుంది: "పోర్టు 3" అని ఒంటరిగా రాయకూడదు. "సాకెట్ 3" అనండి, "చిప్ పోర్టు 3" అనండి, "రెగ్ 3" అనండి. బగ్ రిపోర్టుల్లో కూడా అంతే. మొదట్లో విసుక్కుంటారు, తర్వాత అలవాటవుతుంది.

ఒక వరస ఎలా ఉండాలో చూపిస్తాను. అంకెలు ఊహించి రాసినవే, ఆకారం చూడండి:

సాకెట్: డబ్బా మీద 3, స్కీమాటిక్‌లో జే5, పై వరస
చిప్ పోర్టు: డేటాషీట్ ప్రకారం 2; డివైస్ ట్రీలో రెగ్ 1
ఇంటర్‌ఫేస్ పేరు: ల్యాన్3
ఫై: చిప్ లోపలిది
వేగం: ఆటో నెగోషియేషన్, 10/100/1000
ఎవరు పెడతారు: వేగం ఫై డీఫాల్ట్, పేరు డివైస్ ట్రీ, వీల్యాన్ (ఒకే స్విచ్ మీద విడి నెట్‌వర్క్‌లు) యూజర్‌స్పేస్ (కెర్నల్ బయటి ప్రోగ్రామ్‌లు)
ఎల్‌ఈడీ: సాకెట్ ఎడమది లింక్, కుడిది వాడలేదు (ఆ పిన్ స్ట్రాప్‌కు వాడాం)
ఎందుకిలా: రెండో ఎల్‌ఈడీ పిన్‌ను రీసెట్ సమయంలో మేనేజ్‌మెంట్ బస్ ఎంపికకు వాడుకున్నాం
చూసి నిర్ధారించింది: రివిజన్ ఏ బోర్డు, కేబుల్ పెట్టి

చివరి వరసను చిన్నచూపు చూడకండి. స్కీమాటిక్ చూసి రాసిందానికీ, కేబుల్ పెట్టి చూసిందానికీ తేడా ఉంటుంది. పరీక్ష కూడా సులువే: ఐపీ మానిటర్ లింక్ కమాండ్ నడుపుతూ ఒక్కో సాకెట్‌లో కేబుల్ పెట్టి తీయండి, ఏ ఇంటర్‌ఫేస్ పైకి లేచిందో పట్టికతో పోల్చండి. టీ చల్లారేలోపు అయిపోయే పని.

విలువ ఎవరిది?

ఎక్సెల్ షీట్‌లో "పోర్టు కంట్రోల్ = ఇంత" అని ఉంటుంది. ఆ విలువ మార్చాలంటే ఏ ఫైల్ ముట్టుకోవాలో మాత్రం ఉండదు. కొత్తవాళ్లు మీ దగ్గరికి రావడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

ఒక పోర్టు సెట్టింగ్‌ను చాలామంది ముట్టుకుంటారు. రీసెట్ వదిలిన క్షణాన చిప్ స్ట్రాప్ పిన్‌లను చదువుకుంటుంది. ఈఈప్రామ్ (సెట్టింగ్‌లు దాచే చిన్న మెమరీ) ఉంటే దాన్నీ చదువుకుంటుంది. తర్వాత బూట్‌లోడర్ తనకు నెట్‌వర్క్ కావాలంటే కొన్ని రిజిస్టర్లు రాస్తుంది. తర్వాత కెర్నల్ డ్రైవర్ వస్తుంది, చాలా డ్రైవర్లు వస్తూనే చిప్‌ను రీసెట్ చేసి తమ డీఫాల్ట్‌లు పెడతాయి. డివైస్ ట్రీ చెప్పింది ఆ పైన. చివరగా యూజర్‌స్పేస్‌లో బ్రిడ్జ్ (పోర్టులను ఒకే నెట్‌వర్క్‌గా కలిపేది), వీల్యాన్ సెట్టింగ్‌లు. ఒక్కో లక్షణానికి ఈ వరసలో ఆఖరి మాట ఎవరిదో రాయండి. "వేగం: డివైస్ ట్రీ" అని రెండు ముక్కలు రాసి ఉంటే చాలు, బూట్‌లోడర్ సోర్స్‌లో మార్పు చేసి "ఎందుకు పని చేయట్లేదు" అని తల పట్టుకునే అవస్థ తప్పుతుంది.

స్ట్రాప్‌ల దగ్గర కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ప్రతి స్ట్రాప్‌కు రెసిస్టర్ గుర్తు, దాని విలువ, అది బోర్డు మీద పెట్టారా ఖాళీగా వదిలారా, చిప్ లోపల పుల్‌అప్ (పిన్‌ను 1 వైపు లాగేది) ఉందా పుల్‌డౌనా (0 వైపు లాగేది), చివరికి అది ఏ మోడ్‌ను ఎంచుకుంటోంది, ఇవి కావాలి. రెసిస్టర్ ఖాళీగా వదిలారంటే "ఏమీ లేదు" అని కాదు, చిప్ లోపలి పుల్ ఏది చెప్తే అది అని అర్థం. పార్టుల జాబితాలో ఈ సంగతి కనిపించదు కాబట్టి ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా ఉండదు. స్ట్రాప్‌గా ఏం చదివిందో చాలా చిప్‌లు ఒక రిజిస్టర్‌లో చూపిస్తాయి. ఆ రిజిస్టర్ పేరు, రావాల్సిన విలువ పక్కన పెడితే బోర్డు మీద రెసిస్టర్ తప్పుగా అతికారో లేదో సాఫ్ట్‌వేర్ నుంచే తేలిపోతుంది.

స్ట్రాప్ పిన్‌లు చాలాసార్లు వేరే పనికి కూడా వాడే పిన్‌లే: ఎల్‌ఈడీ, లేదా ఆర్‌జీఎంఐఐ డేటా. కరెంటు ఇచ్చినప్పుడు ప్రాసెసర్ ఇంకా నిద్రలో ఉంటుంది కాబట్టి చిప్ చదివేది రెసిస్టర్ విలువే. కానీ కెర్నల్ రీసెట్ లైన్‌ను మళ్లీ కిందికి లాగి వదిలితే చిప్ స్ట్రాప్‌లను మళ్లీ చదువుతుంది. అప్పటికి ప్రాసెసర్ వైపు అదే తీగ మీద పుల్ ఏదైనా సెట్ అయి ఉంటే వేరే విలువ చదువుతుంది. "పవర్ తీసి పెడితే పని చేస్తుంది, రీబూట్ చేస్తే చేయదు" అనే బగ్‌లలో కొన్ని ఇక్కడి నుంచే వస్తాయి. కాబట్టి స్ట్రాప్ పట్టికలో "ఈ పిన్ ప్రాసెసర్‌కు కూడా కలిసి ఉందా" అనే గడి ఒకటి పెట్టండి. రీసెట్ లైన్ ఎంతసేపు కింద ఉండాలి, వదిలాక ఎంతసేపు ఆగి రిజిస్టర్లు చదవాలి అన్నవి డేటాషీట్ నుంచి తెచ్చి ఇదే పేజీలో రాయండి.

ప్రాసెసర్ వైపు పోర్టు

బయటి పోర్టులు నాలుగైదున్నా వాటి వరసలన్నీ ఒకే రకంగా ఉంటాయి, వాటి మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. డాక్యుమెంట్‌లో సగం స్థలం తీసుకోవాల్సింది ప్రాసెసర్‌కు కలిసే పోర్టు. ఇక్కడ రెండు మ్యాక్‌లు (ఫ్రేములను పంపే, అందుకునే భాగాలు) మధ్యలో ఫై లేకుండా నేరుగా ఒకదానికొకటి ఎదురుపడతాయి. వేగం గురించి మాట్లాడుకునేవాళ్లు ఎవరూ లేరు, రెండు వైపులా మనం చెప్పిందే వేదం.

ముందు ఏ పోర్టు సీపీయూ పోర్టో చెప్పేదేమిటో స్పష్టంగా ఉండాలి. లినక్స్ డీఎస్‌ఏలో (స్విచ్ చిప్‌లను నడిపే కెర్నల్ వ్యవస్థ) పోర్టు నోడ్‌కు ఎథర్‌నెట్ అనే ప్రాపర్టీ ఉండి అది ప్రాసెసర్ మ్యాక్‌ను చూపిస్తే అది సీపీయూ పోర్టు. లింక్ అనే ప్రాపర్టీ ఉంటే అది ఇంకో స్విచ్ చిప్‌కు వెళ్లే పోర్టు. రెండూ లేకపోతే మామూలు యూజర్ పోర్టు. పాత డివైస్ ట్రీలలో లేబుల్‌గా సీపీయూ అని రాసి ఉంటుంది. అది చదివేవాళ్లకు ఆనవాలుగా పనికొస్తుందేమో గానీ పోర్టు పాత్రను తేల్చేది అది కాదు.

ఫిక్స్‌డ్-లింక్ (వేగాన్ని ముందే స్థిరంగా రాసిపెట్టడం) విషయంలో ప్రాసెసర్ నోడ్‌లో ఒకటి, స్విచ్ పోర్టు నోడ్‌లో ఒకటి, రెండూ ఒకే మాట చెప్పాలి. ఒకవైపు 1000, ఇంకోవైపు 100 ఉన్నా లినక్స్‌లో లింక్ "అప్" అనే కనిపిస్తుంది, ఎందుకంటే ఫిక్స్‌డ్-లింక్ అంటేనే అడగకుండా నమ్మడం. అందుకని ఈ పోర్టు దగ్గర "లింక్ అప్ ఉంది" అన్నది రుజువుగా ఒప్పుకోవద్దని డాక్యుమెంట్‌లోనే రాయండి. పాజ్ ఫ్రేముల (కాసేపు ఆగమని ఎదుటివైపుకు చెప్పేవి) సంగతి కూడా: ఒకవైపు పాజ్ ఉంది, ఇంకోవైపు లేదంటే మామూలుగా అంతా బాగానే ఉండి లోడ్ పెరిగినప్పుడు ప్యాకెట్లు పోతాయి. డివైస్ ట్రీలో ఈ సమాచారం మొత్తానికే రాయకపోతే కొన్ని పాత డ్రైవర్లు తమకు తోచిన గరిష్ఠ వేగం పెట్టేసి పని నడిపించేవి. కొత్త కెర్నల్‌లు దీని మీద హెచ్చరిక ప్రింట్ చేస్తాయి. కెర్నల్ మార్చగానే ఆగిపోయిన బోర్డుల్లో ముందు చూడాల్సింది ఇదే.

ఇక ఆర్‌జీఎంఐఐ డిలే. డాక్యుమెంట్లలో ఇంత తక్కువగా రాసి ఇంత ఎక్కువగా బాధపడే విషయం ఇంకోటి లేదు. గిగాబిట్ వేగంలో క్లాక్ 125 మెగాహెర్ట్జ్, ఒక చక్రం 8 నానోసెకన్లు, రెండు అంచుల మీదా డేటా కాబట్టి ఒక్కో ముక్కకు 4 నానోసెకన్లు. క్లాక్ అంచు ఆ ముక్క మధ్యలో పడాలంటే దాన్ని 1.5 నుంచి 2 నానోసెకన్ల దాకా ఆలస్యం చేయాలి. ఆ ఆలస్యం ఎవరు చేస్తారు? బోర్డు మీద తీగ పొడవుతో చేయాలంటే సుమారు 30 సెంటీమీటర్ల అదనపు తీగ పాములా తిప్పాలి. ఇప్పటి బోర్డుల్లో అలా చేసేవాళ్లు అరుదు. ఏదో ఒక చిప్ లోపలే చేస్తారు. రెండు చిప్‌లూ చేస్తే 4 నానోసెకన్లు అవుతుంది, ఏ చిప్పూ చేయకపోతే సున్నా. రెండు చోట్లా క్లాక్ అంచు డేటా మారే చోటే పడుతుంది. అదృష్టం బాగుండి కొన్ని బోర్డులు నడుస్తాయి, వేడెక్కితే ఆగుతాయి.

దీన్ని "టీఎక్స్ డిలే ఉంది, ఆర్‌ఎక్స్ డిలే లేదు" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ప్రాసెసర్‌కు టీఎక్స్ (పంపేది) అయింది స్విచ్‌కు ఆర్‌ఎక్స్ (అందుకునేది). ఎవరి వైపు నుంచి చెప్తున్నారో తెలియదు. దిశతో రాయండి:

ప్రాసెసర్ నుంచి స్విచ్‌కు: డిలే స్విచ్ పెడుతుంది, 2 నానోసెకన్లు; ప్రాసెసర్ పెట్టదు; తీగ పొడవులు సమానం
స్విచ్ నుంచి ప్రాసెసర్‌కు: డిలే స్విచ్ పెడుతుంది, 2 నానోసెకన్లు, ప్రాసెసర్ పెట్టదు, తీగ పొడవులు సమానం

ఈ రెండు వరసల కింద డివైస్ ట్రీలో రెండు వైపులా ఫై-మోడ్ (ఇంటర్‌ఫేస్ రకం చెప్పే ప్రాపర్టీ) ఏముందో, పీకోసెకన్లలో డిలే చెప్పే ప్రాపర్టీలు వాడితే అవేమిటో, చివరికి చిప్ రిజిస్టర్‌లో ఏ బిట్ ఏ విలువతో ఉందో రాయండి. మూడూ ఎందుకంటే ఫై-మోడ్‌లో రాసే ఆర్‌జీఎంఐఐ-ఐడీ అనే మాటను అన్ని డ్రైవర్లూ ఒకేలా అమలు చేయలేదు. ఆ మాట చెప్పేది నిజానికి బోర్డు గురించి, అంటే తీగలు డిలే ఇవ్వట్లేదు కాబట్టి రెండు దిశల్లోనూ చిప్‌లే ఇవ్వాలని. కొన్ని పాత డ్రైవర్లు దాన్ని పట్టించుకోకుండా స్ట్రాప్ పెట్టిందే ఉంచేస్తాయి. డ్రైవర్‌లో ఆ తప్పు సరిదిద్దిన రోజు మీ బోర్డు ఆగిపోతుంది, అప్పుడు ఈ మూడు ముక్కలే కాపాడతాయి.

డిలే తప్పితే ఏ దిశలో తప్పిందో కనిపెట్టే దారి కూడా అక్కడే రాయండి. స్విచ్ సీపీయూ పోర్టు కౌంటర్లలో సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి వచ్చిన ఫ్రేముల లెక్క) పెరుగుతుంటే ప్రాసెసర్ నుంచి వచ్చే దిశ చెడింది. ప్రాసెసర్ మ్యాక్ కౌంటర్లలో పెరుగుతుంటే ఎదురు దిశ చెడింది. డీఎస్‌ఏలో ఒక సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు: ప్రాసెసర్ ఇంటర్‌ఫేస్ మీద ఎథ్‌టూల్ కమాండ్‌తో గణాంకాలు అడిగితే దాని సొంత కౌంటర్లతో పాటు స్విచ్ సీపీయూ పోర్టు కౌంటర్లు కూడా వస్తాయి, పేరుకు ముందు పీ అక్షరం, పోర్టు నంబరు ఉంటాయి. రెండు వైపులా ఒకే చోట కనబడతాయి.

మీది ఆర్‌ఎంఐఐ (తక్కువ తీగల 100 మెగాబిట్ రకం) అయితే డిలే గొడవ ఉండదు, బదులుగా 50 మెగాహెర్ట్జ్ క్లాక్ ఎవరిస్తారన్నది రాయాలి: స్విచ్చా, ప్రాసెసరా, విడి ఆసిలేటరా. ఎస్‌జీఎంఐఐ (సీరియల్ రకం) అయితే ఇన్‌బ్యాండ్ నెగోషియేషన్ (వేగం సంగతి అదే తీగల మీద మాట్లాడుకోవడం) ఉందా లేదా, ఉంటే ఫై పాత్ర ఎవరిది, జతల పోలారిటీ ఎక్కడైనా తిప్పారా అన్నవి కావాలి. ఎస్‌జీఎంఐఐని, 1000బేస్-ఎక్స్‌ను (ఫైబర్‌కు వాడే గిగాబిట్ పద్ధతి) ఒకటే అనుకోవద్దని ఒక వాక్యం తప్పకుండా పెట్టండి. రెండూ 1.25 గిగాబాడ్ మీదే నడుస్తాయి కాబట్టి ఇన్‌బ్యాండ్ ఆపేసి గిగాబిట్‌లో పెడితే తేడా తెలియకుండా పని జరిగిపోతుంది. 100 వేగానికి వచ్చేసరికి ఎస్‌జీఎంఐఐ ప్రతి బైట్‌నూ పదిసార్లు పంపుతుంది, ఎక్స్ వైపుకు అది అర్థం కాదు.

ఈ పోర్టులో మిగిలింది ట్యాగ్. ఏ ఫ్రేమ్ ఏ పోర్టు నుంచి వచ్చిందో ప్రాసెసర్‌కు చెప్పడానికి స్విచ్ కొన్ని బైట్లు కలుపుతుంది. మార్వెల్ డీఎస్‌ఏ ట్యాగ్ 4 బైట్లు, ఈడీఎస్‌ఏ 8 బైట్లు, బ్రాడ్‌కామ్‌ది 4 బైట్లు, కేఎస్‌జెడ్ చిప్‌లవి ఫ్రేమ్ చివర వస్తాయి. పేరు, పొడవు, ముందా చివరా అన్నది రాయండి. ప్రాసెసర్ మ్యాక్ ఎంత పెద్ద ఫ్రేమ్ తీసుకోగలదో దాని పక్కనే రాయండి. వీల్యాన్‌తో కలిపి 1522 బైట్ల ఫ్రేమ్‌కు 8 బైట్ల ట్యాగ్ చేరితే 1530 అవుతుంది. మ్యాక్ 1522 దగ్గరే కత్తిరించేదైతే పింగ్ చక్కగా వెళ్తుంది, పెద్ద ఫైల్ మాత్రం కదలదు. ఇప్పుడు ఏ ట్యాగ్ నడుస్తోందో సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సమాచారం ఫైళ్లుగా కనిపించే చోటు) ప్రాసెసర్ ఇంటర్‌ఫేస్ కింద డీఎస్‌ఏ/ట్యాగింగ్ అనే ఫైల్ చెప్తుంది.

కెర్నల్ రాకముందు

దీని గురించి మీరు అడగలేదు, కానీ నేను చూసిన పోర్టు డాక్యుమెంట్లలో చాలావాటిలో ఈ పేజీ లేదు. కరెంటు ఇచ్చినప్పటి నుంచి కెర్నల్ డ్రైవర్ వచ్చేదాకా స్విచ్ ఏం చేస్తోంది? చాలా చిప్‌లు స్ట్రాప్‌ను బట్టి మామూలు స్విచ్‌లా అన్ని పోర్టుల మధ్యా ఫ్రేములు పంపడం మొదలుపెడతాయి. ఆ కొన్ని సెకన్లలో వ్యాన్ (బయటి నెట్‌వర్క్) సాకెట్, ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) సాకెట్లు ఒకే నెట్‌వర్క్. లోపలి కంప్యూటర్ బయటి డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ తీసేసుకుంటుంది, బూట్ అయ్యాక "నెట్ రావట్లేదు" అని ఫిర్యాదు. రెండు పోర్టులను రింగ్‌లో కలిపే పరికరమైతే అదే సమయంలో లూప్ ఏర్పడి బ్రాడ్‌కాస్ట్ తుఫాను లేస్తుంది. ఫైర్‌వాల్ పని చేసే పరికరమైతే ఇది భద్రతా లోపమే, చిన్న విషయం కాదు.

కాబట్టి పోర్టుకొక వరస, దశకొక గడి పెట్టి చిన్న పట్టిక గీయండి: రీసెట్ వదలగానే, బూట్‌లోడర్‌లో, డ్రైవర్ వచ్చాక, యూజర్‌స్పేస్ సెట్ చేశాక. ప్రతి గడిలో "ఆగి ఉంది", "అందరితో కలిసి ఉంది", "ప్రాసెసర్‌తో మాత్రమే" అన్న మూడు మాటల్లో ఒకటి చాలు. డ్రైవర్ వచ్చాక యూజర్ పోర్టులు వేటికవే విడిగా ఉండి ప్రాసెసర్‌తో మాత్రమే మాట్లాడటం డీఎస్‌ఏ పద్ధతి. బ్రిడ్జ్‌లో చేర్చాకే ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఈ పట్టిక నింపుతుంటేనే సగం సమస్యలు బయటపడతాయి, ఎందుకంటే రెండో గడిలో ఏం రాయాలో టీమ్‌లో ఎవరికీ తెలియదని అప్పుడు తెలుస్తుంది.

ఏం రాయకూడదు, ఎక్కడ పెట్టాలి

డేటాషీట్‌ను తిరిగి రాయకండి. బిట్ వివరణలు కాపీ చేస్తే రెండు నష్టాలు: చిప్ కంపెనీ సవరణ విడుదల చేసినప్పుడు మీది పాతబడిపోతుంది, డేటాషీట్ గోప్యత ఒప్పందం కింద వచ్చిందైతే దాన్ని బయటి రిపాజిటరీలో పెట్టడం ఇంకో చిక్కు. డేటాషీట్ రివిజన్, సెక్షన్ పేరు రాస్తే చాలు. చిప్ రివిజన్ కూడా రాయండి, ఎర్రాటాలో (చిప్ కంపెనీ ఇచ్చే లోపాల జాబితా) దేన్ని తప్పించుకోవడానికి ఏ సెట్టింగ్ పెట్టారో దాని మీద ఆధారపడి ఉంటుంది. "ఈఈఈ ఆపాం" అన్న మాట పక్కన కారణం లేకపోతే రెండేళ్ల తర్వాత ఎవరో పవర్ ఆదా చేద్దామని మళ్లీ ఆన్ చేస్తారు.

వాడని పోర్టుకూ వరస ఉండాలి. తీగలు లేవా, ఉండి పెట్టలేదా, ఖరీదైన మోడల్‌లో మాత్రమే వాడతారా అన్నది తెలియకపోతే డిసేబుల్ అని చూసి ఎవరైనా అనుమానపడతారు.

వీల్యాన్‌లు, పీవీఐడీ (పోర్టు డీఫాల్ట్ వీల్యాన్), బ్రిడ్జ్ సభ్యత్వం లాంటి వాటి విలువలు ఈ డాక్యుమెంట్‌లో కలపొద్దు, ఎవరు పెడతారో రాస్తే చాలు. అవి ప్రాడక్ట్ నిర్ణయాలు, సాఫ్ట్‌వేర్ విడుదలతో మారతాయి. స్ట్రాప్‌లు, డిలేలు, సాకెట్ల జతలు బోర్డు నిజాలు, బోర్డు మారితేనే మారతాయి. రెండింటినీ కలిపితే ప్రతి విడుదలకూ మొత్తం పత్రం సరిచూడాల్సి వస్తుంది, అంటే ఎవరూ చూడరు.

ఎక్సెల్ వదిలేయండి. డివైస్ ట్రీ ఉన్న గిట్ రిపాజిటరీలోనే, దాని పక్క ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ లేదా యామల్ ఫైల్‌గా పెట్టండి. అప్పుడు డివైస్ ట్రీ మార్చిన కమిట్‌లోనే ఈ ఫైల్ కూడా మారిందా లేదా అని రివ్యూ చేసేవాళ్లు అడగగలరు. యామల్ అయితే ఒక చిన్న స్క్రిప్ట్‌తో రెగ్ విలువలు, లేబుళ్లు, ఫై-మోడ్‌లు డివైస్ ట్రీతో సరిపోతున్నాయో లేదో బిల్డ్‌లోనే పోల్చవచ్చు. కెర్నల్‌తో వచ్చే స్కీమా తనిఖీ డివైస్ ట్రీ ఆకారం సరిగ్గా ఉందా అని చెప్తుంది గానీ సాకెట్ 3 నిజంగా ల్యాన్3 అవునా అని చెప్పలేదు. ఆ పని మీ స్క్రిప్ట్, మీ కేబుల్ చేయాలి. లేబుళ్లు పెట్టేటప్పుడు లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదని గుర్తుంచుకోండి.

ఇప్పుడున్న ఎక్సెల్‌ను పారేయకండి. అందులోని రిజిస్టర్ విలువలను "ఫలానా కెర్నల్, ఫలానా బోర్డు రివిజన్, బూట్ అయ్యాక చదివినవి" అని పైన రాసి టెక్స్ట్ డంప్‌గా అదే ఫోల్డర్‌లో వేయండి. ప్రతి విడుదలకూ మళ్లీ చదివి పోల్చితే ఎవరూ అనుకోకుండా మారినవి కనిపిస్తాయి. మార్వెల్ డ్రైవర్‌లో డెవ్‌లింక్ రీజియన్‌ల ద్వారా, కొన్ని డ్రైవర్లలో ఎథ్‌టూల్ రిజిస్టర్ డంప్ ద్వారా ఇది దొరుకుతుంది. కౌంటర్లు, లింక్ స్థితి బిట్లు ప్రతిసారీ మారతాయి, వాటిని పోలికలోంచి తీసేయండి.

చివరగా రెండు రివిజన్ల సంగతి. రెండు పత్రాలు వద్దు. మొదటిదాన్ని కాపీ చేసి రెండోది రాస్తే, తర్వాత మొదటిదాంట్లో దిద్దిన తప్పు రెండోదాంట్లో అలాగే ఉండిపోతుంది. ఒకే ఫైల్ ఉంచండి, రెండు రివిజన్లలో తేడా ఉన్న గడిలో మాత్రమే "ఏ: ఇది, బీ: అది" అని రాయండి, తేడా లేని గడికి ఏ గుర్తూ అక్కర్లేదు. నడుస్తున్న బోర్డు ఏ రివిజనో సాఫ్ట్‌వేర్‌కు ఎలా తెలుస్తుందో, జీపీఐఓ పిన్‌లా, ఈఈప్రామ్‌లో బైటా, అది పత్రం మొదటి పేజీలో ఉండాలి. స్ట్రాప్‌లు, ఆర్‌జీఎంఐఐ డిలేల దగ్గర మాత్రం తేడా ఉన్నా లేకపోయినా బీ బోర్డు మీద మళ్లీ చదివి, చూసింది ఏ రివిజన్ మీదో రాయండి. లేఅవుట్ మారితే తీగ పొడవులు మారతాయి, స్కీమాటిక్‌లో అది కనిపించదు.